బెంచ్ మీద కూర్చున్నవాడి లెక్క

సంక్రాంతి సెలవులకి డొంకరాయి వెళ్లా. సీలేరు మీద డ్యామ్ ఉన్న ఊరే. అక్కడ కబడ్డీ టీమ్ గురించి గొడవ. ఉన్నది 12 మంది, కోర్టులో దిగేది 7 మంది. ప్రతి మ్యాచ్‌కీ అదే ఏడుగురు! "ఇంకో టీమ్ ఎక్కడ కుదురుద్దిరా?" అన్నాడు కెప్టెన్. సరే, లెక్కేద్దాం.

మొదటివాణ్ని 12 మందిలోంచి, రెండోవాణ్ని మిగిలిన 11 మందిలోంచి పిలుస్తాం. అలా ఏడుగురికి 12×11×10×9×8×7×6 = 39,91,680. కానీ ఒకణ్ని ముందు పిలిచినా చివర పిలిచినా టీమ్ అదే కదా! ఆ ఏడుగురినే 7 ఫ్యాక్టోరియల్, అంటే 5,040 వరసల్లో పిలవొచ్చు. అందుకే భాగించాలి: 792. (ఇంటర్‌లో ఈ భాగహారం ఎందుకో తెలీకుండానే ఫార్ములా బట్టీ కొట్టేశా.)

"ఐదుగురు రైడర్లనీ దింపేస్తే పట్టేదెవడు?" అన్నాడు కెప్టెన్. న్యాయమే. 5 రైడర్లలో ముగ్గురిని 10 రకాలుగా, 7 డిఫెండర్లలో నలుగురిని 35 రకాలుగా తీసుకోవచ్చు. ఏ ముగ్గురితోనైనా ఏ నలుగురైనా కలుస్తారు కాబట్టి గుణించాలి: 350.

ఎప్పుడూ బయట కూర్చునే మా పిన్ని కొడుకు రైడరే. వాణ్ని ఖాయం చేస్తే మిగతా నలుగురు రైడర్లలో ఇద్దరు చాలు, అంటే 6 రకాలు. 6×35 = 210. మొత్తం 350 టీముల్లో 210 టీముల్లో వాడున్నాడు. ఆడించింది మాత్రం వాడు లేని ఒక్క టీమ్‌నే.