పాప చేత్తో నడిచే కారు

విజయవాడ,
ఆదివారం రాత్రి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. సీటు కింద 12 వోల్టుల బ్యాటరీ, వెనక చక్రాలకు చెరో మోటారు, ముందు పెడల్, ముందుకూ వెనక్కూ తిప్పే స్విచ్చి, పక్కనే స్పీడు స్విచ్చి. రిమోట్ లేని పాత రకం. మన పనికి అదే నయం, తీగలన్నీ కంటికి కనిపిస్తాయి. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. బండి విప్పి కూర్చున్నప్పుడు పక్కన పెట్టుకుంటావని కాగితం మీద రాస్తున్నాను.

నువ్వు అడిగినవి రెండు. మీ అక్క కూతురికి కాళ్లు బిగుసుకుపోయి పెడల్ తొక్కలేదు కాబట్టి స్టీరింగు దగ్గర చేత్తో నొక్కే బటన్ పెట్టాలి. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి ఇంకో బ్యాటరీ కలిపి 24 వోల్టులు చేస్తే పాప సంబరపడుతుంది. మొదటిది చెయ్యి. రెండోది వద్దు.

నీ ప్రేమ నాకు తెలుసు. మిగతా పిల్లలు పరిగెత్తుతుంటే చూస్తూ కూర్చునే పిల్లకి గాలిలా దూసుకుపోయే బండి ఇవ్వాలని నీ ఆశ. కానీ ఒకసారి ఆలోచించు. పుట్టిన ఈ మూడేళ్లలో ఆ పిల్ల ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు ఎత్తుకుంటేనే వెళ్లింది. తను అనుకున్నప్పుడు అడుగు దూరమైనా తనంతట తాను జరగడం ఇంతవరకూ ఎరగదు. నువ్వు ఇవ్వబోయేది అది. దానికి వేగంతో పని లేదు.

ఇక లెక్క చూడు. ఈ మోటార్లకు వోల్టేజి రెట్టింపు చేస్తే వేగం సుమారుగా రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే గుద్దుకున్నప్పుడు తగిలే శక్తి నాలుగింతలు. ఆ బండికి బ్రేకు షూ లేదు, ప్లాస్టిక్ చక్రాలకు నున్నటి గచ్చు మీద పట్టు లేదు, మన పాపకి మెడ ఇంకా గట్టిగా నిలవదు. పైగా బండి గోడకి ఆనుకుని ఆగిపోయినా పాప బటన్ వదలకపోతే, తిరగని మోటారు రెండింతల కరెంటు లాగుతుంది, తీగల్లో నాలుగింతల వేడి పుడుతుంది. గేరుపెట్టెలో పళ్లు ప్లాస్టిక్‌వి. తీగలూ స్విచ్చులూ 12 వోల్టులకి సరిపోయేలా పెట్టినవి.

బొమ్మే కదా అనుకోకు. 1998లో అమెరికాలో ఫిషర్-ప్రైస్ కంపెనీ పవర్ వీల్స్ అనే ఇలాంటి బండ్లను సుమారు కోటి దాకా వెనక్కి పిలిపించి బాగుచేయాల్సి వచ్చింది. లోపలి భాగాలు వేడెక్కి మంటలు రావడమే కారణం. ఆ సంగతి సకాలంలో ప్రభుత్వానికి తెలియజేయలేదన్న ఆరోపణ మీద 2001లో 11 లక్షల డాలర్లు పెనాల్టీ కూడా కట్టింది. అవి ఫ్యాక్టరీలో పరీక్షలు చేసి తయారుచేసిన బండ్లు. మనం ఇంట్లో టేపు చుట్టి చేసేదానికి ఇంకెంత జాగ్రత్త కావాలి?

12 వోల్టులు షాకు కొట్టవు, నిజమే. కానీ రెండు టెర్మినళ్ల మధ్య ఇనుము అడ్డం పడితే అంత చిన్న బ్యాటరీ కూడా ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు వదులుతుంది. నా ఎడమ ఉంగరపు వేలి చుట్టూ ఉన్న మచ్చ ఏమిటని చిన్నప్పుడు అడిగేవాడివి. స్పానరు పాజిటివ్ మీద ఉండగా ఉంగరం కారు బాడీకి తగిలింది, అంతే. పని మొదలుపెట్టేముందు వేలికున్నదీ చేతికున్నదీ తీసెయ్యి. నెగటివ్ తీగ ముందు విప్పు, చివర్న బిగించు.

ఇప్పుడు బటన్ సంగతి. కాలింగ్ బెల్ స్విచ్చి పెడతానన్నావు. నొక్కితే కలిసి, వదిలితే తెగుతుంది, అంతవరకూ ఆలోచన మంచిదే. నొక్కితే లోపలే ఉండిపోయే రకం మాత్రం ఎన్నడూ పెట్టకు, పాప చెయ్యి జారినా బండి పోతూనే ఉంటుంది. కానీ బెల్ స్విచ్చి గుండా మోటారు కరెంటు నేరుగా పంపితే అదీ ప్రమాదమే. ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి దిగుతుంది, అందుకే స్విచ్చి తెగినప్పుడు లేచే నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటు అలా ఎక్కడా ఆగదు. రవ్వ సాగి సాగి స్విచ్చి పలకలు కరిగి అతుక్కుంటాయి. అప్పుడు పాప చెయ్యి తీసేసినా బండి ఆగదు. నేను అన్నిటికంటే భయపడేది దీనికే.

అందుకని రిలే పెట్టు. కారు హారన్‌కి వాడే 12 వోల్టుల రిలేనే, 5 కాళ్లది. కాళ్ల మీద 30, 85, 86, 87, 87ఎ అని ఉంటుంది. బటన్ నుంచి వచ్చే సన్న తీగ 86కి, 85 నుంచి నెగటివ్‌కి. ఈ దారిలో పావు ఆంపియరు కూడా ఉండదు, ఏ బటన్ అయినా తట్టుకుంటుంది. బ్యాటరీ పాజిటివ్ ఫ్యూజు దాటి 87కి రావాలి. ముందుకూ వెనక్కూ తిప్పే స్విచ్చికి పెడల్ నుంచి ఏ తీగ వెళ్తోందో అది 30కి వెయ్యి.

మిగిలింది 87ఎ. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నువ్వు దాన్ని నెగటివ్‌కి కలుపు. ఎందుకో తెలియాలంటే ఒక మోటారు విప్పి ఇరుసు వేళ్లతో తిప్పు, తేలిగ్గా తిరుగుతుంది. దాని రెండు తీగలూ ఒకదానికొకటి ఆనించి మళ్లీ తిప్పు. ఎవరో పట్టుకున్నట్టు బిగుస్తుంది. తిరిగే మోటారు డైనమో అయి తన కరెంటుతో తనే ఆగుతుంది. ఈ బండికి ఉన్న బ్రేకు అదొక్కటే. నీ పెడల్ స్విచ్చికి మూడు తీగలున్నాయి, చూశావా? మూడోది ఆ పని కోసమే. బటన్ పెట్టే హడావిడిలో దాన్ని కత్తిరించి పడేస్తే చెయ్యి తీసినా బండి ఏటవాలులో జారుతూనే ఉంటుంది.

ఇంకొక్క మాట. పక్కింటి పిల్లలు ఎక్కితే పనికొస్తుందని పెడల్‌ని ఉన్నది ఉన్నట్టు ఉంచి రిలేని కూడా కలపకు. తొక్కనంతసేపూ పెడల్ మోటారు తీగల్ని నెగటివ్‌కి పట్టుకుని ఉంటుంది. అటు పాప బటన్ నొక్కగానే రిలే పాజిటివ్ తెచ్చి అక్కడే కలుపుతుంది. నేరుగా షార్టు. పెడల్ కనెక్షన్ పూర్తిగా విప్పేసి, ఏ తీగకా తీగ మూతి కట్టెయ్యి.

స్పీడు స్విచ్చి తక్కువలో పెట్టి, దాని మీట తీసెయ్యి. తక్కువలో ఉన్నప్పుడు రెండు మోటార్లూ సిరీస్‌లో ఉండి చెరో 6 వోల్టులు పంచుకుంటాయి. పెద్దవాళ్లు పక్కన నడుస్తూ ఉండగలిగిన వేగం అది. చాలు.

ఫ్యూజు దగ్గర మాత్రం నా మాట జవదాటకు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, కార్ల షెడ్డులో మా మేస్త్రి భోజనానికి వెళ్లిన సమయంలో ఒక పెళ్లివారి కారు వచ్చింది. ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తోంది, ముహూర్తానికి టైం లేదు అన్నారు. రాగి తీగ నాలుగు పోగులు మెలేసి ఫ్యూజు స్థానంలో పెట్టి పంపేశాను. దారిలో డాష్‌బోర్డు కింద పొగ లేచి, వైరింగు మొత్తం మాడిపోయింది. పిల్లలతో సహా అందరూ దిగేశారు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి మేస్త్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మాడిన వైరింగు నా ముందు పెట్టి, ఎక్కడ రాపిడి పడిందో కనిపెట్టేదాకా ఇంటికి వెళ్లొద్దన్నాడు. తెల్లవారుజామున దొరికింది, స్టీరింగు కింద చిటికెన వేలి గోరంత చోట తోలు పోయింది. ఫ్యూజు ఆ మాటే చెబుతూ ఉంది, నేను దాని నోరు మూశాను.

కాబట్టి ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది మోటారుని కాదు, తీగని. అది ఎంత దూరంగా ఉంటే అంత తీగ కాపలా లేకుండా ఉన్నట్టు. బండిలో ముందునుంచీ ఉన్నది ఎన్ని ఆంపియర్లదో అదే ఉంచు. ఏమీ లేకపోతే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, 15 ఆంపియర్ల నీలం రంగు ఫ్యూజు పెట్టు. కొట్టేస్తే పెద్దది వెయ్యకు, కారణం వెతుకు.

రిలే పలకలు కూడా ఎప్పుడో ఒకప్పుడు అతుక్కోవచ్చు. అందుకే లారీలకి వాడే బ్యాటరీ కటాఫ్ స్విచ్చి ఒకటి ఫ్యూజు దాటగానే మెయిన్ తీగలో పెట్టి, బండి వెనకవైపు బిగించు. మీ అక్క వెనక నడుస్తూ వంగకుండా అందుకోవాలి.

అతుకులు మెలేసి టేపు చుట్టకు. మే నెల ఎండకి జిగురు కారి టేపు ఊడుతుంది, గతుకులకి మెలిక వదులవుతుంది. లగ్గులు నొక్కించి, పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడుగు. అంతా అయ్యాక వెనక ఇరుసు కింద ఇటుకలు పేర్చి చక్రాలు గాలిలో తిప్పు. ఐదు నిమిషాల తర్వాత ప్రతి అతుకూ వేలితో తాకి చూడు, ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడ అతుకు చెడ్డది. తర్వాత సీట్లో పాప బరువంత బియ్యం బస్తా పెట్టి వరండాలో నడుపు. ఆ తర్వాతే పాప.

వాడని నెలల్లో కూడా బ్యాటరీ ఛార్జి చేసి ఉంచమని అక్కకి చెప్పు. ఖాళీగా పడి ఉంటే లోపల సీసం పలకలు చెడతాయి.

నీకు తెలియని ఒక సంగతి రాయనా? మనం చేసేది కొత్తదేమీ కాదు. అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీలో ఫిజికల్ థెరపీ ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు కోల్ గాలోవే, గో బేబీ గో అనే పేరుతో సరిగ్గా ఇలాగే అంగడి బొమ్మకార్లకు చేతి బటన్లు పెట్టి, పీవీసీ గొట్టాలతో వీపుకి ఆసరా కట్టి, నడవలేని పిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టాడు. కొన్ని బండ్లలో స్విచ్చి సీట్లో పెట్టి, పిల్ల లేచి నిలబడితేనే కదిలేలా చేశారు. కదలడం కోసం నిలబడాలన్న కోరిక పుడుతుందని. ఆ సంగతి చదివిన రోజు మన పాపే గుర్తొచ్చి చాలాసేపు నిద్రపట్టలేదు.

అందుకే డ్రిల్ వేసేముందు పాప ఫిజియోథెరపీ మేడమ్‌ని ఒకసారి పిలిచి బండి చూపించు. వీపుకి ఎంత ఎత్తు ఆసరా కావాలి, బెల్టు ఛాతీకా నడుముకా, బటన్ ఏ చేతివైపు ఉంటే మంచిది అన్నది ఆవిడ చెప్పాలి. పాపకి ఎడమ చెయ్యి తేలిగ్గా లేస్తుంది కాబట్టి అటే పెడదామనిపిస్తుంది మనకి. కుడి చేతికి పని కల్పించాలని ఆవిడ అనొచ్చు. ఆవిడ మాటే నెగ్గాలి.

రిలేలు రెండు, ఫ్యూజు హోల్డరు, లగ్గులు, కటాఫ్ స్విచ్చి, ఎరుపూ నలుపూ మూడేసి మీటర్ల తీగ మీ అమ్మతో పంపుతున్నాను. బటన్ మాత్రం నేను కొనలేదు. గేమ్ జోన్ యంత్రాలకి ఉండే అరచేతంత బటన్లు అమ్మే షాపుకి పాపని ఎత్తుకెళ్లు. పిడికిలితో ఏది నొక్కగలదో చూసి, అదే కొను.

నీ మావయ్య