చుక్కల లెక్క

ప్రశ్న: మా అమ్మాయికి ముప్పై వారాలకే కాన్పయింది. మనవడు 1,200 గ్రాములు పుట్టి, నాలుగు రోజుల్లో 1,090కి దిగాడు. నాలుక ఎండిపోతోంది. సెలైను పెంచమంటే వినరు.
– ఓ అమ్మమ్మ, నాంపల్లి

జవాబు: ఈ ఉత్తరం చేతిరాత మార్చుకుని నాకు నెలనెలా వస్తూనే ఉంటుంది. వాళ్లు వినకపోవడమే మంచిదైంది, పెద్దమ్మా! నెలలు నిండని బిడ్డ ఒంట్లో నీటిపాలు ఎక్కువ. అది మూత్రంగా పోతేనే ఊపిరితిత్తులు తేలికపడతాయి. మొదటి వారంలో పదోవంతు బరువు తగ్గడం మామూలే, మీవాడు అంత కూడా తగ్గలేదు. తొలిరోజు కిలోకు 80 మిల్లీలీటర్ల లెక్కన వాడికి పట్టేది 96. ఆబిడ్స్‌లో మీరు రెండు గుక్కల్లో తాగేసే ఇరానీ చాయ్ ఎంతో అంత, అదీ రోజు మొత్తానికి! ఇంకో అరకప్పు పోస్తే గుండె దగ్గర మూసుకోవాల్సిన నాళం తెరుచుకునే ఉండిపోవచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ముక్కు గొట్టంతో సరిపోయేవాడికి వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు. తక్కువైనా ముప్పే. ఉల్లిపొర లాంటి చర్మంలోంచి నీరు ఆవిరై రక్తంలో సోడియం పెరుగుతుంది. అందుకే సిస్టర్లు డైపర్ తూస్తారు. పొడిది ఇరవై గ్రాములు, తడిది ఇరవై ఆరు అయితే, ఆరు మిల్లీలీటర్లు పోశాడని చార్టులో పడుతుంది.

సెలైను సంగతి వాళ్లకు వదిలేసి అమ్మాయి చేత పాలు పిండించండి. రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా. మొదట చెంచాడు కూడా రావు. ఆ పసుపుపచ్చని ముర్రుపాల చుక్కలే సిరంజిలో పట్టి ఇవ్వండి, ఎండిన నాలుకకు దూదితో అద్దేది వాటినే. అప్పటికీ పాలు పడకపోతే దాత పాల గురించి డాక్టరును అడగండి. రెడ్‌హిల్స్ నీలోఫర్‌లో 2017 నుంచి తల్లిపాల బ్యాంకు ఉంది. సంచిలో దాచి తెచ్చిన తేనె సీసా మాత్రం ఇంటికి పంపించేయండి. ఉంటుందని నాకు తెలుసు!

ప్రశ్న: బాబు ముక్కు గొట్టం తాలూకు సీసాలో ఒకటే బుడగలు. లీకా?
– ఆబిడ్స్

జవాబు: బుడగలు ఆగితే సిస్టర్‌ను పిలవండి.

ప్రశ్న: పాపకు ఆక్సిజన్ పెట్టి 93 దగ్గరే ఆపేస్తున్నారు. నూరు రావాలి కదా?
– ఓ నాన్న, నాంపల్లి

జవాబు: ఆక్సిజన్ మీదున్న ఇంత చిన్న బిడ్డకు 90-95 మధ్యే ఉంచుతారు. ఎక్కువైతే రెటీనా రక్తనాళాలు దెబ్బతింటాయి. పోట్లాడక తప్పదనుకుంటే, నాలుగో వారం వచ్చినా కంటి పరీక్ష ఎందుకు చేయించలేదని పోట్లాడండి.