వరదనీట మునిగిన మోటారు సైకిలు

మైలవరము కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు బుడమేరు చూచుటకు చిన్న యేరే. కాని అతివృష్టి కలిగినపుడు అది విజయవాడకు పెద్ద ఆపదను తెచ్చును. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో ఆ యేటి గండ్లగుండ వచ్చిన నీరు సింగునగరు మొదలైన పేటలను ముంచివేసెను. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజివద్ద కృష్ణానది 11.43 లక్షల క్యూసెక్కులతో ప్రవహించెను. ఇండ్లతోపాటు వాకిళ్లలోని మోటారు సైకిళ్లును దినముల తరబడి నీటిలో నానినవి.

పాలు పోయువారికిని, కూరగాయలు అమ్మువారికిని పాత మోటారు సైకిలే జీవనాధారము. నీరు తీయగానే యజమాని ఆత్రముతో కిక్కు కొట్టును. ఆ తొందరపాటే ఒక్కొక్కప్పుడు యంత్రమునకు చేటు తెచ్చును. కారణమేమి?

మద్రాసులో 1955 మొదలు తయారైన బుల్లెట్టును ఉదాహరణముగా గైకొందము. దాని పిస్టను పైకి వచ్చునపుడు, సుమారు 346 ఘన సెంటీమీటర్ల చోటునందలి గాలియు పెట్రోలు ఆవిరియు పైనున్న చిన్న గదిలోనికి అణగిపోవును. వాయువు అణగును గాని నీరు అణగదు. సిలిండరులో నీరుండగా యంత్రము తిరిగినచో, పిస్టనును మోయు కనెక్టింగు రాడ్డు వంగిపోవచ్చును.

కావున మొదట బ్యాటరీ తీగలను విడదీయవలెను. పిమ్మట స్పార్క్ ప్లగ్గును ఊడదీసి, కిక్కును చేతితో మెల్లగా పలుమారులు త్రిప్పవలెను. ప్లగ్గు రంధ్రమునుండి నీరు వెలికి వచ్చును. అటుపిమ్మట ఆ రంధ్రమున ఒక చెంచాడు నూనె పోసి మరల త్రిప్పినచో లోపలి గోడలకు తుప్పు పట్టదు.

పెట్రోలు నీటికన్న తేలికయైనది. అందుచే నీరు ట్యాంకు అడుగునను, కార్బురేటరు గిన్నెలోను చేరియుండును. రెండింటిని ఖాళీ చేయవలెను. ఈ పని ఆరుబయట, నిప్పునకు దూరముగా, పెద్దల సమక్షమున జరుగవలెను. ఇంజనాయిలు పాలవలె తెల్లబారినచో అందు నీరు కలిసినదని గ్రహింపుడు. దానిని తీసివేసి క్రొత్త నూనె పోసి, కొలది నిమిషములు నడిపి, మరల మార్చవలెను. గేరుపెట్టెయందలి నూనెను కూడ చూడవలెను. బ్రేకు డ్రమ్ములను విప్పి ఆరబెట్టి, చైనును కిరసనాయిలుతో కడిగి నూనె పూయవలెను. పిస్టను కదలకున్నచో బలవంతము చేయక, బండిని ఆటోనగరులోని మెకానిక్కునకు అప్పగించుట మేలు.

ఇచ్చట రెండు నియమములు కలవు. కిక్కు కొట్టుటలో తొందర తగదు. నీరు తీయుటలో జాగు తగదు. తడిసిన ఇనుము ప్రతిదినము తుప్పు పట్టుచునే యుండును.

తీసివేసిన నూనెను ఏమి చేయవలెను? విజయవాడనుండి బయలుదేరు బందరు, ఏలూరు, రైవసు కాలువలు డెల్టా పొలములకును, పల్లెల మంచినీటి చెరువులకును నీరందించుచున్నవి. మనము కాలువలో పోసిన మురికినూనె పొరుగు ఊరివారి కడవలోనికి చేరును. కావున దానిని డబ్బాలో భద్రపరచి, పాతనూనె సేకరించువారికే ఈయవలెను. తన బండిని బాగుచేసికొనుట ఎంత అవసరమో, ఊరి నీటిని కాపాడుటయు అంత అవసరము.