పసికన్నుల పరీక్షకు పూనిన మేనకోడలికి

 

కళాశాల సెలవులలో నీవును నీ స్నేహితురాండ్రును చుట్టుపట్ల గ్రామముల అంగన్‌వాడీ పిల్లలకు కంటిచూపు పరీక్షింప బూనితిరని నీ జాబువలన తెలిసి మిక్కిలి సంతసించితిని. 1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జరిగిన లయన్సు మహాసభలో హెలెన్ కెల్లర్, అంధత్వముపై పోరునకు పూనుడని యర్థించిన నాటినుండియు నేత్రసేవ ఆ సంస్థకు కులవ్రతమైనది. మన యూరి లయన్సు క్లబ్బువారి వెంట నేనును కొన్నియేండ్లు పరీక్షాపటములు మోసికొని తిరిగినవాడను గనుక, ఈ విషయమున నాలుగు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాను.

పెద్దవారికి చూపు మందగించినచో వారే వచ్చి మొఱపెట్టుకొందురు. పుట్టినది మొదలు లోకము మసకగనే కనబడిన పసివాడు, లోకమే అట్టిదనుకొనునుగాని తన కంట లోపమున్నదని యెట్లెఱుగును? అందును దోషము ఒక్క కంటియందే యున్నప్పుడు, సంసారభారమంతయు తలకెత్తుకొన్న పెద్దకొడుకువలె మంచికన్ను రెండవదాని కొఱతను ఇంటివారికిగాని ఆ బిడ్డకేగాని తెలియనీయక నడుపుకొనిపోవును. మసకబొమ్మను పంపు కంటిని మెదడు క్రమక్రమముగా లెక్కచేయుట మానును. ఆంబ్లియోపియా యనెడి ఈ మాంద్యమును ఏడేండ్లలోపున కనిపెట్టినచో చికిత్స చక్కగా ఫలించును. ఆ పిమ్మట బొత్తిగా అసాధ్యమని చెప్పజాలముగాని, ఏండ్లు గడచినకొలది కష్టసాధ్యమగుచు వచ్చును. మూడు నాలుగేండ్ల పిల్లలను వెదకికొని మీరు పోవలసిన కారణమిదియే.

కావున మీ పనికంతకును ఆయువుపట్టు, ఒక కన్నును నిజముగా మూయుట. అరచేతితో మూసికొమ్మన్న బిడ్డ వ్రేళ్లసందున చూచును, తల ప్రక్కకు త్రిప్పి చూచును. వాడు మోసగాడు కాడు, మిమ్ము సంతోషపెట్టవలెనను మంచిబాలుడు. అంటుకొను పట్టీనిగాని వెడల్పైన వైద్యపు టేపునుగాని కంటిమీద అతికింపుడు. ఒక కన్ను మూసినప్పుడు ఊరకుండి, రెండవది మూయగనే ఏడ్చి పట్టీని పెఱికివేయు బిడ్డను గారాబమని విడిచిపెట్టకుము. వానికి చూపునిచ్చుచున్న కన్నునే మీరు మూసితిరేమో యని శంకింపవలెను. దయతలచి జవాబందించు ఆయమ్మలును, "చెప్పరా కన్నా" యని చెవిలో ఊదు తల్లులును ఉందురు. వారిని నొప్పింపక పటమునకు వెనుకవైపున కూర్చుండబెట్టుట మేలు.

స్నెల్లెన్ పండితుడు 1862లో వెలయించిన అక్షరపటము అక్షరములు రాని పిల్లలకు పనికిరాదు. ఫిన్లాండు దేశపు వైద్యురాలు లేయా హైవారినెన్ 1976లో రూపొందించిన ఆపిలు, ఇల్లు, వృత్తము, చతురస్రముల పటము వారికి తగినది. ఆపిలును జామకాయ యన్నను దోషములేదు, ఆదినుండి తుదివరకు జామకాయ యన్నచో చాలును. నోరు విప్పని బిడ్డ ఒడిలోని అట్టమీద వ్రేలు పెట్టి చూపవచ్చును. మూడు మీటర్ల దూరమును టేపుతో కొలువుడు, అడుగులతో కాదు. మూడేండ్లవాడు ప్రతి కంటితోను 6/15 వరుసను, నాలుగేండ్లవాడు 6/12 వరుసను చదువగలుగవలెను. చదివినను, రెండు కన్నులకు నడుమ రెండు వరుసల భేదమున్నయెడల డాక్టరునొద్దకు పంపవలసినదే.

ఇప్పుడు ఒక మీటరు దూరమునుండి క్షణములో కన్నులను కొలుచు కెమెరాలు వచ్చినవి. పటము చూపింప వీలుకాని చంటివారి విషయమున అవి వరప్రసాదములు. ఐనను అవి పవరుదోషమును, మెల్లను పసికట్టునేగాని బిడ్డ యెంత చూచుచున్నాడో కొలువవు. జవాబు చెప్పగల బిడ్డయెదుట పటమును మూలబెట్టుట నాకు సమ్మతము కాదు. నల్లగుడ్డునడుమ తెల్లని మెఱుపు కనబడినచో పరీక్షలన్నియు కట్టిపెట్టి ఆనాడే ఆసుపత్రికి పంపవలెను. అది శుక్లము కావచ్చును, ప్రాణాంతకమైన రెటినోబ్లాస్టోమాయను కావచ్చును. తెల్లగుడ్డుమీద నురుగువంటి మచ్చయున్నదా, సందెవేళ బిడ్డ తడుముకొనుచున్నాడా యని తల్లినడిగి, ఔనన్నచో ఊరి ఆరోగ్యకార్యకర్తయగు ఏఎన్నెమ్మకు తెలుపుడు. ఐదేండ్లవరకు ఆఱునెలలకొకమారు పోయవలసిన విటమిన్-ఏ మందు తప్పియుండవచ్చును.

మీరు చేయునది వడపోత మాత్రమే, రోగనిర్ణయము కాదు. "మీవాని కన్నులు దివ్యముగా నున్నవి" అని యెవ్వరితోను అనకుము. నేటి పరీక్షలో నెగ్గినాడని మాత్రమే చెప్పుము. శిబిరమునందే కళ్లజోళ్లు పంచవలెనని యుబలాటపడు దాతలను మర్యాదగా వారింపుము. పసికన్ను బిగబట్టి తన దోషమును కప్పిపుచ్చుకొనగలదు గనుక, చుక్కలమందు వేసి పరీక్షించిన పిమ్మటగాని డాక్టరు పవరు నిర్ణయింపడు.

ఎందఱిని పరీక్షించితిమను సంఖ్యకు పత్రికలవారు సంతోషింతురు, దండలు పడును, ఫొటోలు పడును. అసలు పని పరీక్ష తప్పినవారి పట్టికయందున్నది. ఆ పట్టికలోని బిడ్డ తల్లి ఒకనాటి కూలి మానుకొని, ఛార్జీలు పెట్టుకొని పట్టణమునకు రావలెను. ఇంట అత్తగారు మెల్లకన్ను అదృష్టమనును. ఆడుబిడ్డకు అద్దములేల, పెండ్లి యగుట యెట్లని తాత యడ్డుపడును. చీటీ చేతబెట్టి పంపినంతమాత్రమున ఇవి తీరవు. నేత్రకేంద్రమువారితో మాటాడి తేదీ కుదుర్చుకొని, నలుగురైదుగురు తల్లులను కూడగట్టుకొని మీలో ఒకతె వెంటబోవలెను. మంచికన్నునకు పట్టీ వేయుమని డాక్టరు చెప్పినప్పుడు, బాగున్నదానిని మూయుటేమని ఇంటివారు దానిని తీసివేయుట నేనెఱిగినదే. ఆ మాట ముందుగనే విడమఱచి చెప్పుము. ఒక మోస్తరు మాంద్యమునకు దినమునకు రెండుగంటల పట్టీ ఆఱుగంటలదానికి తీసిపోదని వైద్యులు పరీక్షించి తేల్చిరి గనుక, డాక్టరు రెండుగంటలు చాలునన్నచో సందేహింపవలదని ధైర్యము చెప్పవచ్చును.

మీ రిజిస్టరులో పేరు, వయస్సు, రెండుకన్నుల ఫలితములతోబాటు మఱి మూడు గడులు గీయింపుము: డాక్టరును చూచినది ఎప్పుడు, కళ్లజోడు అందినది ఎప్పుడు, మూడునెలల పిమ్మట పెట్టుకొనుచున్నాడా. కడపటిగడి నింపుటకు మరల ఊరికి పోవలసివచ్చును. దానికి కావలసిన బస్సుఛార్జీలు క్లబ్బువారివలన ఇప్పించు భారము నాది. సంక్రాంతికి వచ్చునప్పుడు ఆ పుస్తకమును వెంటదెమ్ము.

ఆశీస్సులతో,
నీ మామయ్య