గంప మోసిన చేతులు

సమస్య



మీ శీర్షికను మా అమ్మ చదివేది; చదివి దిండుక్రింద మడిచి పెట్టుకొన్న పత్రికలను ఆమె లేని వేళ తీసి నేను చదివేదానను. కనుక మీకు వ్రాయుట మా ఇంటి పెద్దతో మాట్లాడినట్లే ఉన్నది. నన్ను నీవు అనే పిలవండి.

నా వయస్సు 31. హైదరాబాదులో ఒక జూనియర్ కళాశాలలో తెలుగు చెప్పుచున్నాను. వివాహమై నాలుగేండ్లయినది, ఇప్పుడు నాకు ఆరవ నెల. నా భర్త మంచివాడు, నెమ్మదస్థుడు. ఇక్కడ వ్రాయబోవు సంగతి ఆయనకు సగమే తెలియును.

నాకు ఆరేండ్లున్నప్పుడు నాన్నగారు పోయినారు. కోనసీమలో మా మేనమామ తన పెంకుటింటి వెనుక వాటాను మాకిచ్చి, అమ్మకు కుట్టుమిషను కొనియిచ్చి, నా బడిజీతములు కట్టి, ఊరిలో ధర్మాత్ముడనిపించుకొన్నాడు. ఆ ధర్మాత్ముడే నా తొమ్మిదవయేటినుండి పదకొండవయేటివరకు, మధ్యాహ్నములు ఇంటిలో ఎవరును లేని వేళ ఏమి చేసెనో ఈ కాగితము మీద పెట్టలేను. మీకు అర్థమగును. ఒకనాడు అమ్మతో, “మామయ్యకు మంచినీళ్లు నేను తీసుకెళ్లనమ్మా” అన్నాను. మిషను త్రొక్కుచున్న ఆమె పాదము ఆగినది. చాలాసేపటికి, “ఆయన పెట్టిన అన్నం తింటున్నాం. ఈ మాట ఇంకెక్కడా అనకు” అన్నది. ఆ రాత్రినుండి తన చీరకొంగును నా గౌను అంచుకు ముడివేసి పడుకొనేది. మంచినీళ్లు మాత్రము మరునాడును నేనే తీసికొనిపోయినాను.

నా పెండ్లిలో నన్ను గంపలో కూర్చుండబెట్టి మండపమునకు మోసికొనివచ్చినది ఆయనే. కొబ్బరిబోండము గట్టిగా పట్టుకొని కన్నులు మూసికొన్నాను. అందరును సిగ్గనుకొన్నారు.

మూడు నెలల క్రిందట ఒక కథ వ్రాసినాను. తల్లి చనిపోయిన ఒక పిల్ల, ఆమెను పెంచిన మేనమామ. చివరకు ఆయన పక్షవాతముతో మంచముపట్టి, మాట పడిపోయి, ఆ పిల్ల నోటిలో పోసిన నీరు మ్రింగుచు కన్నీరు కార్చును. ఒక మాసపత్రికవారు ప్రచురింతుమన్నారు. అచ్చుకు పోకమునుపే అమ్మకు చదివి వినిపించినాను. విని, దేవుని గదిలోనికి పోయి తలుపు వేసికొన్నది. మరునాడు, “ఇది అచ్చయితే ఊళ్లో తలెత్తుకోలేను. కడుపుతో ఉన్నదానివి, ఇలాంటివి రాయకూడదు, తలుచుకోకూడదు” అన్నది.

వచ్చే నెల సీమంతము ఊరిలో చేయవలెనని, పుట్టింటి పెద్దగా మామయ్య చేతులమీదుగా జరుగవలెనని అమ్మ పట్టు. అత్తయ్య పోయి రెండేండ్లయినను, మస్కట్‌లో నర్సుగా ఉన్న మా వదిన, అనగా మామయ్య కూతురు, తన ఎనిమిదేండ్ల పిల్లను ఆయనవద్దనే ఉంచి చదివించుచున్నది గనుక ఇంటిలో సందడికి లోటులేదని అమ్మ చెప్పుచున్నది.

నాకు నిద్ర పట్టుటలేదు. పట్టినను ఒకే కల: కాళ్లమీద బిడ్డను వేసికొని నీళ్లుపోయుచుందును, వంగి చూచిన, ఆ చేతులు నావి కావు. దెబ్బతిన్న పిల్లలే పెద్దవారై పిల్లలను దెబ్బతీయుదురని ఎక్కడనో చదివినప్పటినుండి మరింత భయము. ఆడపిల్ల పుట్టిన ఎట్లు కాపాడుకొందును? కథను అచ్చువేయింపవచ్చునా? సీమంతమునకు పోవలెనా? అసలు నావంటిదానికి తల్లి అయ్యే అర్హత ఉన్నదా?

ఒక కథారచయిత్రి

సలహా



నీవు నాలుగు ప్రశ్నలడిగినావు. వాటి జోలికి పోకమునుపు, సీమంతపు ముచ్చటల నడుమ ఒకే వాక్యములో చెప్పి నీవు దాటిపోయిన సంగతిని, కండ్లజోడు తుడుచుకొని నేను మరల మరల చదివిన ఆ సంగతిని, ఎత్తుకొనక తప్పదు. ఇల్లాలు పోయిన ఆ ఇంటిలో, కన్నతల్లి సముద్రమునకావల ఉండగా, ఎనిమిదేండ్ల పిల్ల ఒకతె ఆ మనుష్యునితో ఉన్నది. ఇప్పుడాయనకు మధ్యాహ్నము మంచినీళ్లు ఎవరిచ్చుచున్నారు?

నిన్ను నిందించుటకు ఈ మాట అనుటలేదు. భయపడిన మనస్సు తాను చూడలేనిదానిని వాక్యము చివరకు నెట్టి, దానిమీద సందడి అనే మాటను కప్పుట నేనెరుగుదును. ఈ శీర్షిక వ్రాయుచున్న ఇన్నేండ్లలో ఉత్తరముల అసలు సంగతి తరచుగా అట్టి వాక్యములలోనే నాకు దొరకినది. ఈ భాగమును నీ జాబు చేరిన రోజుననే విడిగా వ్రాసి నీ చిరునామాకు పంపియున్నాను. ఇక్కడ మరల అచ్చువేయుట, మరియొక ఇంటిలో మరియొక ఉత్తరములో ఇట్టి వాక్యము దాగియున్నదేమో అను శంకచేత.

మీ వదినకు ఫోను చేయుము. కథ చెప్పినట్లు కాక, ఏ వయస్సున, ఏ ఇంటిలో, ఎవరివలన నీకేమి జరిగినదో తిన్నగా చెప్పి, పిల్లను వెంటనే వేరుచోటికి మార్చుమనుము. ఆమె నమ్మకపోవచ్చును, తిట్టవచ్చును. లేక నీకు బాగుగా తెలిసిన తీరున ఒక్కసారి మూగవోవచ్చును, ఆమెయు ఆ ఇంటిలోనే పెరిగిన ఆడపిల్ల గదా. ఆమె ఏమన్నను, తరువాత 1098కు ఫోను చేయుము. అది ఆపదలోనున్న పిల్లలకొరకు ఏర్పరచిన సంఖ్య. 2012 నవంబరు 14 నుండి అమలులోనున్న పోక్సో చట్టము, ఒక బాలునిపైనగాని బాలికపైనగాని లైంగికనేరము జరిగినదని తెలిసినవారే గాక, జరుగగలదని శంకించువారును పోలీసులకు తెలుపవలెనని శాసించుచున్నది. సద్బుద్ధితో తెలిపినవారికి రక్షణయు అందే కలదు. ఊరిపేరు నీవు వ్రాసియుండినచో ఆ పని నేనే చేసియుందును. నీకు జరిగినది ఆ చట్టమునకు పూర్వపు మాట గనుక, దానికి ఇప్పుడు ఏ దారులున్నవో ఒక న్యాయవాదినడిగి తెలిసికొనుము, తొందరలేదు. పిల్ల విషయములో మాత్రము తొందర ఉన్నది. నీవు పోయి దానిని గుచ్చిగుచ్చి ప్రశ్నింపవద్దు. ఆ పని తెలిసినవారు చేయుదురు.

ఇక, ఆడపిల్ల పుట్టిన ఎట్లన్నావు. 2007లో కేంద్రప్రభుత్వపు స్త్రీ శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రములలో, వాటిలో మన ఆంధ్రప్రదేశమును చేర్చి, 12,447 మంది పిల్లలను విచారించి వెలువరించిన నివేదికలో సగమునకు మించి, నూటికి 53 మంది, ఏదో యొక రూపమున లైంగికహింసకు లోనైనట్లు చెప్పిరి. ఆ చెప్పినవారిలో మగపిల్లలే కొంచెమెక్కువ. కొడుకు పుట్టిన గుండెమీద చేయివేసికొని నిద్రింపవచ్చునను భ్రమ మన ఇండ్లలో ఎంత గాఢముగా ఉన్నదో చూచితివా? చేసినవారిలో ఇంచుమించు సగముమంది ఆ పిల్లలకు తెలిసినవారు, నమ్మదగినవారని పేరుపొందినవారు. మనము బిడ్డలకు బూచివానిని చూపి భయపెట్టుదుము. మామయ్యకు మంచినీళ్లిమ్మని పంపుదుము.

నీ కల మాటకు వచ్చెదను. దెబ్బతిన్నవారందరును దెబ్బతీయుదురను మాట అబద్ధము. అమెరికాలో కాఫ్‌మన్, జిగ్లర్ అను పండితులు 1987లో అంతవరకు జరిగిన పరిశోధనలన్నిటిని జల్లెడపట్టి, బాల్యమున హింసపడినవారిలో తమ బిడ్డలను హింసించువారు నూటికి సుమారు 30 మందియే అని అంచనా కట్టిరి. తక్కిన 70 మందిని గూర్చి ఎవరును కథలు వ్రాయరు, అదియొక లోపము. అంతకు ముందు 1975లో సెల్మా ఫ్రైబర్గ్ అను విదుషి తన సహచరులతో కలిసి వ్రాసిన ప్రసిద్ధవ్యాసమొకటి కలదు. పసిబిడ్డల గదిలో తల్లిదండ్రుల గతము దయ్యమువలె తిరుగునని దాని పేరే చెప్పును. ఆమె కనుగొన్నదేమనగా, జరిగినదంతయు గుర్తుండియు దాని నొప్పిని మాత్రము పాతిపెట్టినవారే ఆ గతమును బిడ్డలమీద మరల నడుపుదురు. నొప్పిని నొప్పిగా జ్ఞప్తియందుంచుకొన్న తల్లి, తాను ఏడ్చిన యేడ్పును గుర్తించి, తన బిడ్డ యేడ్పును వినగలదు. అర్ధరాత్రి లేచి కూర్చుండి చేతులు చూచుకొను నీవు ఏ కోవకు చెందుదువో నేను చెప్పనక్కరలేదు. గర్భిణులకును బాలింతలకును, తమ చేతిలో బిడ్డకేదో కీడు జరుగునని తలంపులు మెదలుట సామాన్యమే. తలంపునకు హడలిపోవువారు ఆ పని కోరువారు కారు. అయినను నిద్రలేని రాత్రులను ఒంటరిగా మోయవద్దు. 14416కు ఫోను చేసిన తెలుగులో మాట్లాడు మానసికారోగ్య సలహాదారులు పలుకుదురు. నీకు పురుడుపోయు వైద్యురాలితో, అంతా చెప్పకున్నను, “పరీక్షకు ముట్టుకొనేముందు నాకు చెప్పండి” అని అడుగుట నీ హక్కు. అది ఎందుకో నీకు ఎనిమిదవ నెలలో తెలియును. ముందుగనే చెప్పియుంచిన తేలిక.

ఇప్పుడు నీ కథ. నీవు సారాంశము మాత్రమే వ్రాసినావు; అయినను రెండు సంగతులు నా చేతికి ముల్లువలె తగిలినవి. మొదటిది ముగింపు. పక్షవాతము, పడిపోయిన మాట, కన్నీరు. పాపము పండించుటకు దేవుడున్నాడు, మనము నోరు మెదపనక్కరలేదను సిద్ధాంతము ఆ ముగింపులో ఉన్నది. అది దేవుని గది తలుపు వేసికొన్న మీ అమ్మగారి సిద్ధాంతము, నీ కలములో దూరినది. బయట ఆ మనుష్యుడు ఆరోగ్యముగా ఉండి సీమంతపు పెద్దరికమునకు సిద్ధమగుచున్నాడు. రెండవది ఇంకను బాధాకరమైనది. నీ కథలో పిల్లకు తల్లి లేదు. బ్రతికియుండి, మిషను మీద పాదమాపి, విని, విననట్లున్న తల్లిని వ్రాయుటకు చేయి రాక, నీవామెను మొదటి పుటకు ముందే చంపివేసినావు. నీ భయమునకు మూలమిచ్చటనే ఉన్నదని నాకు తోచుచున్నది. కలలోని చేతులు మామయ్యవనుకొని నీవు వణకుచున్నావు. నన్నడిగిన, నీవు భయపడుచున్నది మీ అమ్మవలె అగుదునేమోనని.

మహేశ్ దత్తానీ ‘థర్టీ డేస్ ఇన్ సెప్టెంబర్’ అని ఒక ఆంగ్లనాటకము వ్రాసినాడు, 2001లో రంగమెక్కినది. అందులోను పాపి మేనమామయే, అందులోను పూజగదిని ఆశ్రయించిన తల్లియే. కూతురు నాటకము పొడుగునను ఆ తల్లి మౌనమును నిందించును. చివరకు ఆ మౌనము క్రింద తల్లి స్వంత బాల్యము, అదే సోదరునివలన నలిగిన బాల్యము, బయటపడును. మీ అమ్మగారికిని అట్టిదే జరిగినదని నేననను. అనుటకు నాకధికారము లేదు. ఆమె చేసిన తప్పును మాపుటకును ఈ మాట చెప్పుటలేదు. ఆమె నిన్ను మరునాడు మరల పంపినది, అది తప్పు, దానికి దారిద్ర్యము కారణము కావచ్చునుగాని సమాధానము కాజాలదు. అయితే రాత్రి కొంగు ముడివేసికొన్నదియు ఆ చేతులే. పగటిపూట అన్నమునకు తాకట్టుపడిన మనిషి రాత్రిపూట తన చేతనైన పిసరంత కావలి కాచినది. ఆ రెండును ఒక్క స్త్రీలో ఇమిడినవని ఒప్పుకొనుట కూతురికి ఎంత కష్టమో, కథకురాలికి అంత నిధి.

కనుక కథను ఆపుమనుచున్నాను, మీ అమ్మగారు చెప్పిన కారణమునకు కాదు. అది ఇంకను కథ కాలేదు. తల్లిని బ్రతికించి మరల వ్రాయుము. పురుడైన తరువాత, తీరికగా. పేర్లు, ఊరు, వరుసలు మార్చుటతోబాటు ఆ చిన్నపిల్ల ఛాయ మాత్రము అందులో పడనీయకుము. దాని కథ దానిది.

సీమంతమునకు ఆ ఊరు పోవద్దు. హైదరాబాదులో నీ ఇంటనే చేసికొనుము. గాజులు తొడుగుటకు నలుగురు ముత్తైదువలు చాలుదురు, మేనమామ లేక ఆగిపోవు క్రియ ఏదియు లేదు. మీరా నాయర్ తీసిన ‘మాన్‌సూన్ వెడ్డింగ్’ అను సినిమాలో, తన కుటుంబమునకు ఎన్నో ఉపకారములు చేసిన బావగారిని ఆ ఇంటి పెద్ద పెండ్లివారి నడుమనే లేచి పొమ్మని చెప్పును. చెప్పునప్పుడు అతని గొంతు వణకును, ఋణభారము అట్టిది. మీ ఇంటిలో ఆ మాట చెప్పవలసినది నీవు కాదు, మీ అమ్మగారు. ఆమెను హైదరాబాదుకు పిలుచుకొని, నీ భర్తకు మిగిలిన సగమును చెప్పిన తరువాత, ఒక మధ్యాహ్నము ఎవరును లేనివేళ, “నాడు కొంగెందుకు ముడివేసినావమ్మా” అని అడుగుము. నీవు అన్నిటిని చెప్పనక్కరలేదు. ఆ ఒక్కటి అడిగి ఊరకుండుము. ఆమె లేచిపోవచ్చును, అట్లయిన మరియొకనాడు అడుగుము.

తల్లి అయ్యే అర్హతను గూర్చి నీవడిగిన ప్రశ్నకు నేను వేరుగా బదులు చెప్పను. మస్కట్‌కు ఫోను చేసితినని, ఆ పిల్ల ఏ ఊరికి చేరినదో, ఎవరి ప్రక్కన పండుకొనుచున్నదో వ్రాయుమని నీకు పంపిన ఉత్తరములో కోరియుంటిని. ఈ ప్రతి అచ్చుకు పోవునాటికి నీ జాబు రాలేదు. ఎదురుచూచుచున్నాను.