వేసవిలో తల సంరక్షణ – హాస్టల్ విద్యార్థులకు కొన్ని సూచనలు

ఆరోగ్యమే మహాభాగ్యం అన్నారు పెద్దలు. అయితే మన హాస్టళ్ళలో మార్కుల గురించి, భోజనం గురించి మాట్లాడుకున్నంతగా తల శుభ్రత గురించి మాట్లాడుకోము. పేలు, చుండ్రు, జుట్టు రాలడం వంటివి బయటికి చెప్పుకోలేని విషయాలుగా దాచుకుంటాము. హాస్టల్ అన్నం తిని డిగ్రీ, పి.జి. వరకు వచ్చిన వాళ్ళముగా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇవి సిగ్గుపడవలసిన విషయాలు కావు. వీటికి కారణాలు మన ఎండలో, మన నీళ్ళలో ఉన్నాయి.

మన ఎండ – మన నీళ్ళు

వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాసే ఊళ్ళ పేర్లు పేపర్లో వచ్చినప్పుడు అందులో మన రెంటచింతల తరచుగా ఉంటుంది. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. దానికి నలుపునిచ్చేది మెలనిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ రెండింటినీ దెబ్బతీస్తాయి. సెలవుల్లో మిరప కోతలకు వెళ్ళి వచ్చిన మన జుట్టు రాగి రంగుకు తిరిగి పీచులా అయ్యేది అందుకే. కనుక చేనుకు వెళ్ళేటప్పుడు నూలు గుడ్డ తలకు చుట్టుకోవాలి. ఎండకూ, మిరప ఘాటుకూ రెండిటికీ అదే రక్షణ.

ఇక నీళ్ళు. పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. అటువంటి నేల నుండి వచ్చే బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉంటాయి. సైన్సు పాఠంలో కఠిన జలం అని చదువుకున్నది ఇదే. ఈ నీళ్ళలో సబ్బు నురగ రాదు సరికదా, లవణాలతో కలిసి తెల్లని మడ్డిగా మారి వెంట్రుకలకు అంటుకుంటుంది. అందువల్ల ఒంటి సబ్బుతో, ముఖ్యంగా బట్టల సబ్బుతో, తల రుద్దకూడదు. కుంకుడుకాయలో ఉండే సపోనిన్ ఆ విధంగా మడ్డి కట్టదు. మన అమ్మమ్మలు కుంకుడు రసం వాడడంలో ఇంత సైన్సు ఉంది. అది దొరకకపోతే షాంపూ ప్యాకెట్ చాలు.

తలస్నానం చేసే పద్ధతి

1. వేసవిలో వారానికి రెండుసార్లు తలస్నానం చేయాలి.
2. ఒక గంట ముందు కొద్దిగా కొబ్బరి నూనె రాసుకోవాలి. చుండ్రు ఉన్నవాళ్ళు నూనెతో రాత్రంతా ఉండకూడదు. చుండ్రుకు కారణమైన సూక్ష్మజీవి ఆ జిడ్డు మీదే పెరుగుతుంది.
3. చెమట పట్టిన తలను, తడి తలను గట్టిగా ముడి వేయకూడదు. ఆరిన తరువాతే జడ వేసుకోవాలి.
4. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజం. అంతకంటే ఎక్కువ రాలుతుంటే రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రను పారవేయకూడదు.

ఉంగరాల జుట్టు తక్కువదా?

మనలో ఉంగరాల జుట్టు ఉన్నవాళ్ళను వెక్కిరించడం చూస్తుంటాము. తలలో ఊరే నూనె తిన్నని వెంట్రుక వెంట సులభంగా జారుతుంది. మెలికల వెంట అంత సులభంగా జారదు. అందుకే ఉంగరాల జుట్టు త్వరగా ఎండిపోతుంది. దానిని తడిగా ఉన్నప్పుడే, వెడల్పు పళ్ళ దువ్వెనతో, కొసల నుండి మొదలుపెట్టి పైకి చిక్కు తీయాలి.

అమెరికాలోని నల్లజాతి వారిది మరింత బిగువైన ఉంగరాల జుట్టు. బానిసలుగా బ్రతికిన తల్లిదండ్రులకు 1867లో పుట్టిన ఒక ఆడపిల్ల ఏడేళ్ళకే అనాథ అయింది. పెద్దయ్యాక బట్టలుతికి బ్రతికింది. ఇంట్లో కుళాయి లేని ఆ రోజుల్లో చాలామంది పేద స్త్రీలలాగే ఆమెకూ తల మీద చర్మవ్యాధి వచ్చి జుట్టు ఊడిపోయింది. ఆమె సిగ్గుతో కూర్చోలేదు. తన వంటి స్త్రీల కోసం తల మందులు తయారుచేసి అమ్మింది, వేలమందికి ఉపాధి చూపింది. ఆమే మేడమ్ సి.జె. వాకర్. అదే దేశంలో పుట్టుకతో వచ్చిన జుట్టును బట్టి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపరాదని కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టం చేసింది. జుట్టు అందం విషయం మాత్రమే కాదు, గౌరవం విషయం కూడా.

పేలు పడితే

పేను ఎగరదు, దూకదు. తలకు తల ఆనించి పడుకుంటే ఒకరి నుండి ఒకరికి పాకుతుంది. ఒక గదిలో ఇరవైమంది పడుకునే చోట అది ఏ ఒక్కరి తప్పూ కాదు. ఈపి పగలడానికి 7 నుండి 10 రోజులు పడుతుంది. కనుక ఒక్కసారి దువ్వితే చాలదు. తడి తలను పేల దువ్వెనతో మూడు రోజులకొకసారి, రెండు మూడు వారాల పాటు, గదిలో అందరూ ఒకేసారి దువ్వుకోవాలి. ఆరోగ్య కేంద్రంలో అడిగితే మందు చెబుతారు. కిరోసిన్ గానీ, పత్తికి కొట్టే పురుగుమందు గానీ తలకు రాయకండి. అవి చర్మం ద్వారా ఒంట్లోకి పోతాయి, ప్రాణం మీదికి తెస్తాయి. తలలో గుండ్రంగా జుట్టు ఊడి పొట్టు రాలుతుంటే అది తామర కావచ్చు. దానికి పైపూత చాలదు, డాక్టరు ఇచ్చే మాత్రలు మింగాలి.

మేము చదివే రోజుల్లో ఒక హాస్టల్లో పేలు పడ్డాయని చిన్నపిల్లల జడలు ఒక్క పూటలో కత్తిరించారు. వారిలో ఇద్దరు సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ చదువుకు రాలేదు. పేలు మూడు వారాల్లో పోయేవి. పోయిన చదువు మాత్రం తిరిగి రాలేదు.

కనుక చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా! తలస్నానానికి సరిపడా నీళ్ళు కావాలని, మనిషికొక దువ్వెన కావాలని వార్డెన్ గారిని మర్యాదగా, అందరూ కలిసి అడగండి. కాగితం మీద రాసి సంతకాలు పెట్టి ఇవ్వండి. అడగడం నేర్చుకోవడం కూడా చదువులో భాగమే.