పొలం మకాంలో ఎండ పొయ్యి: కొన్ని చిట్కాలు

మొగల్తూరు నుంచి పేరుపాలెం తీరం దాకా చెరువు గట్ల మీద, కొబ్బరి తోటల్లో మకాం పెట్టుకుని ఉండేవాళ్లకు కరెంటు స్తంభం ఒక్కోసారి చాలా దూరం. గ్యాసు బండి అక్కడిదాకా రాదు. ఎండకు మాత్రం లోటు లేదు. ఊళ్లో డాబా ఇల్లున్నవాళ్లకు కూడా అప్పుడప్పుడూ ఇదే పరిస్థితి వస్తుంటుంది. 1996 నవంబరు తుఫాను తర్వాత కోనసీమ రోజుల తరబడి చీకట్లో ఉంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మన నరసాపురం దగ్గరే తీరం దాటింది. గాలివాన వెళ్లిన రెండో నాడో మూడో నాడో ఎండ కాస్తుంది. కరెంటు అంత తొందరగా రాదు.

అలాంటప్పుడు ఎండతోనే వండే పెట్టె ఒకటి ఇంట్లో కట్టుకోవచ్చు. అది పొయ్యికి బదులు కాదు. మధ్యాహ్నం పూట అన్నం, పప్పు దానికి అప్పగించి మిగతా పని మనం చూసుకోవచ్చు. ఆ మేరకు కట్టెలు, పొగ, పొయ్యి దగ్గర కూర్చునే పని తగ్గుతాయి. అంతకు మించి ఆశ పెట్టుకోకుండా మొదలుపెడితే ఇది చాలా నమ్మకమైన వస్తువు.

1. పెట్టె కట్టకముందే చోటు చూసుకోండి. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా నీడ పడని చోటు కావాలి. మన పెరళ్లలో చిక్కంతా కొబ్బరి చెట్లతోనే. ఒక్క మట్ట నీడ గాజు మీద ఇరవై నిమిషాలు ఆగినా ఎసరు చల్లబడుతుంది. ఒకరోజు గంటకోసారి వెళ్లి నీడ ఎటు జరుగుతోందో చూసి, ముగ్గుపిండితో గీత పెట్టుకోండి. డాబా ఉంటే ఈ బాధే లేదు.

2. గొడుగులా ఉండే డిష్ పొయ్యిలు కాకుండా పెట్టె రకమే కట్టుకోండి. డిష్‌కు నేరుగా పడే ఎండే కావాలి. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, ఆకాశం తెల్లగా మసకబారినట్టు ఉండే రోజులు ఎక్కువ. పెట్టె అయితే ఆ చెదిరిన వెలుతురు నుంచి కూడా కొంత వేడి లాక్కుంటుంది. తిరుమలలో 2002లో పెట్టిన వంటశాల ఏర్పాటు డిష్ రకమే. 106 డిష్‌లు ఎండను పట్టి ఆవిరి పుట్టిస్తే, ఆ ఆవిరితో వేల మందికి వంట అయ్యేలా దాన్ని కట్టారు. అది సూర్యుడి వెంట దానంతటదే తిరిగే యంత్రాంగం. మన పెట్టె నలుగురికి అన్నం పెడుతుంది, అంతే. మొగల్తూరు రాజుల ఇళ్లలో అతిథికి వడ్డించే తీరు ఎరిగినవాళ్లు ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి.

3. కొలతలు పెద్ద లెక్కేం కాదు. బయటి పెట్టె రెండడుగుల చదరం, లోపలి పెట్టె అడుగున్నర చదరం, లోతు గిన్నె ఎత్తుకు రెండు వేళ్లు ఎక్కువ. లోతు పెరిగితే పెట్టె గోడల నీడే గిన్నె మీద పడుతుంది. రెండు పెట్టెల మధ్య నాలుగు పక్కలా, అడుగునా మూడంగుళాల ఖాళీ ఉండాలి. బయటిది చెక్కది అయితే వానకు, చెదకు కాస్త ఆగుతుంది. అట్టపెట్టెతో కూడా పని అవుతుంది గాని మన తేమకు ఒక కాలం మించి నిలవదు.

4. ఆ ఖాళీలో ఏం నింపాలన్నదే అసలు విషయం. ఊక మన దగ్గర ఊరికే దొరుకుతుంది, బాగా పనిచేస్తుంది. రెండు రోజులు ఎండలో పోసి, కరకరలాడేలా ఆరాకే నింపండి. తడి ఊక వేడిని ఆపకపోగా బూజు పడుతుంది. కొబ్బరి డొక్కల నుంచి తీసిన పీచు, తరిగిన వరిగడ్డి, నలిపిన పాత పేపర్లు కూడా పనికొస్తాయి. రొయ్యలు ఎగుమతి చేసే థర్మాకోల్ పెట్టెలు మన వైపు ఎక్కడ చూసినా కనిపిస్తాయి, చూడగానే ఇదే సరైనదనిపిస్తుంది కూడా. వాడకండి. మంచి ఎండలో లోపల వేడి 100 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి థర్మాకోల్ కుంగిపోతుంది, వాసన కొడుతుంది, ఆ వాసన అన్నానికి పడుతుంది.

5. లోపలి అడుగున పలుచటి రేకు వేసి నల్లరంగు పూయండి. గిన్నెల బయటివైపు, మూతలు కూడా నల్లగానే ఉండాలి. మెరిసే స్టీలు గిన్నె ఎండను వెనక్కి కొట్టేస్తుంది. పలుచటి సత్తు గిన్నెలు మేలు. బజారు రంగు వాడితే ఖాళీ పెట్టెను రెండు మూడు రోజులు ఎండలో కాల్చి, వాసన పూర్తిగా పోయాకే వంట పెట్టండి. రంగే అక్కర్లేదనుకుంటే కట్టెల పొయ్యి మసిని చిక్కటి గంజిలో కలిపి గిన్నె బయట పట్టించండి. చేతికి అంటుతుంది, అప్పుడప్పుడూ మళ్లీ పూయాలి, కానీ ఖర్చు లేదు, వాసన లేదు.

6. పైన గాజు ఒకటి కాదు, రెండు. మధ్యలో అరంగుళం ఖాళీ. 1767లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సొసూర్ గాజు పలకల పెట్టెతో నీళ్లు మరిగే వేడిని దాటించాడు. ఇవాళ్టి పెట్టెలన్నిటికీ కిటుకు అక్కడిదే. ఎండ లోపలికి వెళ్తుంది, వేడి బయటికి రాలేదు. గాజు అంచులను రాయించండి, లేకపోతే వేళ్లు తెగుతాయి. వేడిగా ఉన్న గాజు మీద చల్లటి నీళ్లు చిలకరించకండి, పగులుతుంది. మూత చుట్టూ పాత సైకిలు ట్యూబు కోసి అంటిస్తే ఆవిరి బయటికి పోదు.

7. అద్దం వాలు కాలాన్ని బట్టి మారుతుంది. పెట్టె వెనకవైపు మూతకు బిగించిన అద్దం గాజంత వెడల్పు ఉంటే చాలు. డిసెంబరులో మన దగ్గర నడిమింట సూర్యుడు దక్షిణానికి వాలి సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు అద్దం దాదాపు నిటారుగా నిలబడాలి. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. అప్పుడు అద్దాన్ని బాగా వెనక్కి వాల్చాలి. డిగ్రీలు కొలవనక్కర్లేదు. అద్దంలోంచి పడే వెలుగు మచ్చ గాజంతా పరుచుకునేలా వాల్చి కర్ర ఆనించండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగే వేళకు ఆ కర్రను తాడుతో కట్టేయడం మరవకండి.

8. అరగంటకో ముప్పావుగంటకో ఒకసారి పెట్టెను సూర్యుడి వైపు తిప్పాలి. పొలం పనికి వెళ్లేవాళ్లకు అది కుదరదు కదా. వాళ్లు ఉదయం వెళ్తూ పెట్టెను పన్నెండింటి సూర్యుడి వైపు, అంటే చలికాలంలో దక్షిణానికి ముఖం పెట్టి వదిలేయాలి. గంట ఆలస్యంగా ఉడుకుతుంది, కానీ తిరిగి వచ్చేసరికి తయారుగా ఉంటుంది. మాడుతుందన్న భయం అక్కర్లేదు, ఈ పెట్టెలో అన్నం అడుగంటడం దాదాపు ఉండదు. చెరువు కాపలావాళ్లకు, లేసు అల్లే ఆడవాళ్లకు ఇది నచ్చేది ఇందుకే.

9. అన్నం అత్తెసరే పెట్టాలి, వార్చే పని ఉండదు. ఆవిరి పెద్దగా పోదు కాబట్టి పొయ్యి మీద గ్లాసుకు రెండు గ్లాసులు పోసేచోట ఇక్కడ ఒకటిముప్పావు చాలు. కొత్త బియ్యమైతే ఇంకాస్త తగ్గించండి. బియ్యం అరగంట నానాలి. మన పక్కనే ఉన్న మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, ఇందులో బాగా ఉడుకుతుంది. మే నెలలో గంటన్నర, డిసెంబరులో రెండు నుంచి రెండున్నర గంటలు. లోతైన గిన్నెలో నిండా కాకుండా వెడల్పు గిన్నెలో పలుచగా పెట్టండి. మధ్యలో మూత తీసి చూడకండి. తీసిన ప్రతిసారీ పదిహేను నిమిషాలు పోయినట్టే.

10. కందిపప్పు ముందు రాత్రే నానబెట్టండి. ఉప్పు, చింతపండు, టమాటా పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే పడితే ఏ పొయ్యి మీదైనా పప్పు బిగుసుకుంటుంది, ఇక్కడ మరీను. పెసరపప్పు అయితే నానబెట్టకపోయినా అవుతుంది. ఉలవలు పొద్దున్నే పెడితే సాయంత్రానికి మెత్తగా ఉడుకుతాయి గాని చారు చిక్కబడదు, ఆ పని పొయ్యి మీదే చేసుకోవాలి. పోపు కూడా అంతే. ఆవాలు చిటపటలాడే వేడి ఈ పెట్టెలో రాదు.

11. చేపల పులుసు ఇందులో చాలా బాగా కుదురుతుంది. గరిటె పెట్టే పని లేదు కాబట్టి ముక్క విరగదు. కానీ పచ్చి ముక్కలను చల్లటి పులుసులో వేసి పొద్దున్నే పెట్టెలో పెట్టకూడదు. గోరువెచ్చని వేడిలో చేప గంటల తరబడి ఉంటే పాడవుతుంది. పులుసు ఒక్కటే ముందు పెట్టి, అది కుతకుతలాడాక, నడి ఎండలో ముక్కలు వేసి వెంటనే మూయండి. గంటలోపు ఉడుకుతుంది. పులస సంగతి అడక్కండి. అది వచ్చేది గోదారి ఎర్రబడ్డప్పుడు, అప్పుడు ఎండెక్కడిది?

12. నీళ్లు లేకుండానే గుడ్లు ఉడుకుతాయి. నల్లటి గిన్నెలో ఊరికే పెట్టి మూత పెట్టండి, మంచి ఎండలో గంటన్నర. జున్నుకైతే ఇంతకన్నా మంచి పొయ్యి లేదు. నిదానమైన వేడికి బుడగలు పడకుండా నున్నగా గట్టిపడుతుంది. చలికాలం తేగలు, చిలగడదుంపలు గిన్నెలో కాసిన్ని నీళ్లు చిలకరించి మూస్తే చక్కగా ఉడుకుతాయి. తంపటి వాసన మాత్రం రాదు.

13. అట్లు, పూరీలు, గారెలు, వేపుళ్లు కావు. దిబ్బరొట్టి పెడదామనిపిస్తుంది. పిండి ఉడుకుతుంది గాని అడుగు ఎర్రగా కాలదు. అడుగు కాలని దిబ్బరొట్టి ఎవరు తింటారు?

14. నడిమధ్యలో మబ్బు పడితే తాత్సారం చేయకండి. గంట దాటినా ఎండ రాకపోతే గిన్నె తీసి పొయ్యి మీద పెట్టి పూర్తిచేయండి. సగం ఉడికిన పప్పును, చేపను పెట్టెలో వెచ్చగా వదిలేస్తే కడుపునొప్పి కొనితెచ్చుకున్నట్టే. శ్రావణ భాద్రపదాల్లో ఇంకో ఉపాయం ఉంది. అన్నమో పప్పో పొయ్యి మీద పది నిమిషాలు బాగా మరిగించి, మూత పెట్టి, ఎండుగడ్డి దట్టంగా కూరిన గంపలో దించి, పైన ఇంకా గడ్డి, పాత దుప్పటి కప్పండి. ఆ వేడికే మిగతాది ఉడుకుతుంది. తినేముందు మళ్లీ ఒకసారి మరిగించుకోండి.

15. తుఫాను తర్వాత తాగే నీళ్లకు కూడా పెట్టె వాడండి. నీళ్లలోని క్రిములు చావడానికి మరగడం దాకా అక్కర్లేదు, 65 డిగ్రీల్లో కొన్ని నిమిషాలు ఉంటే చాలు. ఆ వేడిని చేత్తో కొలవలేం కాబట్టి, గిన్నె అడుగున బుడగలు లేచి ఆవిరి కనిపించాక ఇంకో అరగంట వదిలేయడం క్షేమం. ముందు నీళ్లను మడతలు పెట్టిన గుడ్డలో వడకట్టండి. ఒక్క సంగతి: కాచినంత మాత్రాన ఉప్పదనం పోదు, చెరువుల్లో చల్లిన మందులు కూడా పోవు. ఉప్పగా ఉండే బోరు నీళ్లకు ఇది మార్గం కాదు.

16. ఉప్పుగాలికి అద్దం అంచులు నల్లబడతాయి, మేకులు తుప్పు పడతాయి. వంట అయ్యాక తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచి, గోనెపట్టా కప్పండి. చీమలకు పెట్టె కాళ్ల కింద నీళ్లు పోసిన కొబ్బరి చిప్పలు. అద్దంలోకి నేరుగా చూడకండి, పిల్లలను చూడనివ్వకండి. గిన్నెలు తీసేటప్పుడు మసిగుడ్డ తప్పనిసరి. పొగ లేదు, మంట లేదు గాని లోపలి గిన్నె పొయ్యి మీది గిన్నెలాగే కాలుస్తుంది.

పెట్టె కట్టుకోవాలనుకుంటే వేసవిలోనే కట్టుకుని, రెండు నెలలు వండి చెయ్యి తిప్పుకోండి. వాయుగుండం కబురు వచ్చాక గాజు కొట్టు తెరిచి ఉండదు, వడ్రంగి దొరకడు.